గాలి బయటికి పోయే దారి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1979 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, మీ బ్యాచ్ నుంచి ఈసారి నువ్వు మాట్లాడాల" అన్నప్పుడు రాంగ్ నంబరేమో అనుకున్నాను. మా బ్యాచ్‌లో డాక్టర్లున్నారు, బ్యాంకు మేనేజర్లుగా రిటైరైనవాళ్ళున్నారు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. మళ్ళీ కట్టి పాసయ్యిందీ లేదు. ఈ సంఘం మీటింగులకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఇంతకంటే చెప్పక్కర్లేదు. "నేనేం మాట్లాడేదబ్బా" అంటే "అమెరికాలో మీ అబ్బోడి రేసు కారుకు రేడియేటర్ బిగించినావంట గదా, అది చెప్పు. అందరూ వింటారు" అన్నాడు. అందుకని నేను చెప్పబోయేది రేడియేటర్ సంగతే. నిద్ర వచ్చినవాళ్ళు నిద్రపోవచ్చు. ఈ హాల్లో అదేం కొత్త కాదు.

పది తప్పిన ఎండాకాలంలోనే మా మేనమామ నన్ను చిత్తూరు తీసుకుపోయి తన రేడియేటర్ షాపులో పెట్టుకున్నాడు. అప్పటి రేడియేటర్లు ఇత్తడివి, రాగివి. పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, నడుమ సన్న గొట్టాలు, గొట్టాలకు పట్టుకొని పలుచటి రేకులు. ఆ నడిమి భాగాన్ని కోరు అంటాం. ఇంజన్‌లో కాగిన నీళ్ళు పైనుంచి దిగుతాయి, రేకుల మధ్య నుంచి గాలి పోతుంది, నీళ్ళ వేడి గాలికెక్కుతుంది. ఇంతే. మన వైపు డ్రైవర్లు బోరు నీళ్ళు పోసేవాళ్ళు. కాచే గిన్నెకు అడుగున తెల్లగా గార కట్టినట్టే గొట్టాల లోపల కూడా కడుతుంది. ట్యాంకు ఊడదీసి, ఒక్కొక్క గొట్టంలో సన్న కమ్మీ దూర్చి గార గీకి, మళ్ళీ ట్యాంకు అతికించి, నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొట్టి, బుడగ ఎక్కడ వస్తే అక్కడ మళ్ళీ అతుకు. ఎనిమిదేళ్ళు అదే పని. పలమనేరు వైపు పోయే లోడు లారీలు మొగిలి ఘాట్ దగ్గర మొరాయించేవి. చాలాసార్లు సామాను సంచి వేసుకొని మేమే ఘాట్‌కు పోయేవాళ్ళం.

తర్వాత తిరుపతికి వచ్చి రేణిగుంట రోడ్డులో సొంత షాపు పెట్టుకున్నాను. తిరుపతిలో రేడియేటర్ షాపు పెట్టుకున్నవాడికి కొండే అన్నం పెడుతుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది. 1974 దాకా ఎక్కేవీ దిగేవీ దాని మీదే. రెండో ఘాట్ రోడ్డు తెరిచింది 1974లో, అంటే మన సంఘం పుట్టిన ఏడే. అప్పటి నుంచి కొత్త దారిన ఎక్కడం, పాత దారిన దిగడం. మే నెలలో ఆ కొత్త దారిలో మలుపు మలుపుకూ ఒక అంబాసిడరో, మెటడారో బానెట్టు ఎత్తుకొని, పొగలు కక్కుతూ నిలబడి ఉండేది. మీలో చాలామంది చిన్నప్పుడు ఆ బండ్లలో కూర్చొని వాంతులు చేసుకొని ఉంటారు.

ఎక్కేటప్పుడే ఎందుకు కాగుతుంది? ఇంజన్ పూర్తిగా కష్టపడుతుంది, బండి మాత్రం మొదటి గేరులో నత్తలా పోతుంది. వేడి పుట్టేది ఎక్కువ, ఎదురు గాలి తక్కువ. కొందరు డ్రైవర్లు బానెట్టు వెనక అంచు కింద కట్టెముక్క పెట్టి కొంచెం ఎత్తి కట్టేవాళ్ళు. మెల్లగా ఎక్కేటప్పుడు వేడిగాలి ఆ సందులోంచి పైకి పోతుంది, మంచిదే. వాళ్ళే ఆ కట్టెముక్కతో మద్రాసు రోడ్డులో వేగంగా పోతే ఉపయోగం లేదు. వేగంలో ముందు అద్దం కింద గాలి ఒత్తుకొని ఉంటుంది, అది సందులోంచి లోపలికే తోస్తుంది. ఇది నేను చెబితే "నువ్వేమన్నా ఇంజనీరువా సామీ" అనేవాళ్ళు. కాదు కాబట్టి నోరు మూసుకొనేవాణ్ణి.

1986లో ఒక టాక్సీ దగ్గర నేనొక తప్పు చేశాను. యాత్రికులు తొందర పెడుతున్నారు, డ్రైవరు తిడుతున్నాడు. పూర్తిగా చల్లారేదాకా ఆగాల్సింది, నాలుగు నిమిషాలకే గుడ్డ వేసి మూత తిప్పాను. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఊరికే ఉంటాయి. మూత వదులైన క్షణాన ఒక్కసారిగా మరిగి ఆవిరి కక్కుతూ లేస్తాయి. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇదిగో, ఇప్పటికీ మచ్చ ఉంది. మావాడు చిన్నప్పుడు ఇదేంది నాన్నా అని అడిగితే దీపావళి టపాకాయ అని చెప్పాను. బడికి పోయే పిల్లోడికి షాపు సంగతులు ఎందుకని.

ఆ మాట ఒక్కటే కాదు. మావాణ్ణి నేను షాపు గడప తొక్కనీలేదు. సెలవుల్లో వస్తానంటే వద్దన్నాను, పానా పట్టుకుంటే లాక్కున్నాను. మసి చేతులు నాతోనే ఆగిపోవాలని. వాడు చదివాడు, కంప్యూటర్ల మీద ఉద్యోగానికి అమెరికా పోయాడు, టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాడు. ఈలోపల ఇక్కడ రాగి రేడియేటర్లు పోయి అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవి వచ్చాయి. వాటికి మా అతుకు పనికి రాదు. పగిలితే పారేసి కొత్తది బిగించడమే. మా పని మెల్లగా సామాను అమ్మే పనైపోయింది. షాపు తమ్ముడి కొడుక్కు ఇచ్చేశాను.

2023 ఎండాకాలంలో నేనూ మా ఇంటామే డాలస్ పోయాం. షెడ్డు తలుపు పైకి ఎత్తి చూపిస్తే లోపల ఒక ఎర్ర కారు. పోర్షే కంపెనీ బాక్స్‌స్టర్, 2001 నాటిది, 2.7 లీటర్ల ఇంజన్. పాతది కాబట్టి మన ఊళ్ళో కొత్త కారు ధరకే వచ్చిందట. గోడకు వరసగా పానాలు, స్క్రూడ్రైవర్లు, జాకీలు. నేను లాక్కున్న పానాలన్నీ వాడు అక్కడ కొనుక్కున్నాడు. ఎవరు నేర్పించారురా అంటే వీడియోలు చూసి నేర్చుకున్నాను నాన్నా అన్నాడు. ఆ మాటకు నేనేం జవాబు చెప్పలేదు.

ఆ కారులో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది. రేడియేటర్లు మాత్రం ముక్కులో, ముందు చక్రాలకు ముందర, రెండు వైపులా ఒక్కొక్కటి. నీళ్ళ గొట్టాలు బండి కింద నుంచి వెనక్కీ ముందుకూ పోతాయి. అదే కారులో ఎస్ అని ఇంకా పెద్ద ఇంజన్ రకం ఉంది. దానికి ముక్కు నడుమ మూడో రేడియేటర్ కంపెనీ వాళ్ళే పెట్టి ఇచ్చారు. ఈ కంపెనీ వాళ్ళ పేరుమోసిన 911 కారు 1963 నుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా గాలితో చల్లబడే ఇంజన్‌తోనే నడిచింది. తొంభైల చివరలో గానీ నీళ్ళకు మారలేదు.

మావాడి బండి రోడ్డు మీద ఏ తప్పూ చేయలేదు. వీడు నెలకో ఆదివారం క్రెసన్ అనే ఊరి దగ్గరున్న రేసు ట్రాక్‌కు తీసుకుపోయి ఇరవై నిమిషాలు ఊపిరాడకుండా తోలుతాడు. టెక్సాస్ ఎండ మన రేణిగుంట ఎండకు ఏ మాత్రం తీసిపోదు. నీళ్ళ వేడి 110 డిగ్రీలు చూపించగానే భయపడి ట్రాక్ దిగేస్తున్నాడు. ఎస్ రకానికి ఉన్నట్టు తన బండికీ మూడో రేడియేటర్ పెట్టుకోవాలని పాత సామాను తెప్పించి అట్టపెట్టెల్లో దాచాడు. పెట్టెల్లో ఇంకొకటి కూడా ఉంది. బంపర్ పైభాగాన కోసి అమర్చుకునే వెంట్, నల్ల ప్లాస్టిక్‌ది, ఒక మూర పొడుగు సందు. రేసుల కోసం చేసిన 911 జీటీ3 కారుకు ముక్కు మీద అట్లాంటిది ఉంటుందట. అది కంపెనీ సామాను కాదు, బయట ఎవరో చేసి అమ్మేది.

నేను దాన్ని చూసి నవ్వాను. "రేడియేటర్ పెట్టుకో, మంచిదే. ఇదెందుకురా, సోకుకా? చూసి చూసి మంచి బంపర్‌కు రెండు కంతలు పెడతావా" అన్నాను. వాడు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

శనివారం పొద్దున్నే బంపర్ విప్పాం. చక్రాల గూళ్ళలో కొన్ని, కింద కొన్ని, ముందు డిక్కీ అంచున కొన్ని స్క్రూలు తీస్తే ప్లాస్టిక్ ముక్కంతా ఊడి చేతికొచ్చింది. రెండు వైపులా ఏసీ కండెన్సర్లు, వాటి వెనక రేడియేటర్లు. ఆ రెండింటి మధ్య సందులో చెయ్యి పెట్టి లాగితే ఎండుటాకులు, గడ్డి, చచ్చిన పురుగులు, ఒక చిన్న సంచి నిండా వచ్చాయి. ఇరవై ఏళ్ళ చెత్త. మూడోది తర్వాత, ముందు ఉన్న రెండింటినీ ఊపిరి పీల్చుకోనీ అన్నాను. కండెన్సర్లు పక్కకు జరిపి, వెనక నుంచి నీళ్ళు మెల్లగా కొట్టి కడిగాం. గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి. కొన్ని వంగినవి ఉంటే మా ఇంటామె దువ్వెన అడిగి సరిచేశాను. ఆమె ఆ దువ్వెన మళ్ళీ ముట్టుకోలేదు.

మామూలు బాక్స్‌స్టర్‌కు ముక్కు నడుమ మూసి ఉంటుంది. దాన్ని కోసి జాలీ పెట్టాం. రెండు వైపుల గొట్టాలకు టీ ముక్కలు పెట్టి నడిమి రేడియేటర్‌కు కలిపాం. కూలెంట్, శుద్ధమైన నీళ్ళు సగం సగం కలిపి నింపాం. ఇంత పొడుగు గొట్టాల్లో గాలి చిక్కుకుంటే పెద్ద చిక్కు. దానికి వెనక ట్యాంకు దగ్గర గాలి వదిలే కవాటం ఒకటి ఉంది. దాన్ని ఎత్తి పెట్టి, బండి కాసేపు నడిపి, చల్లార్చి, మళ్ళీ నింపి, ఇట్లా రెండు రోజులు. ఆ పనిలో వాడికి నేనేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తర్వాతి ఆదివారం క్రెసన్ పోయాం. నేను గోడ దగ్గర నీడలో నిలబడ్డాను. పదిహేను నిమిషాలకే వాడు దిగి వచ్చాడు. 108 డిగ్రీలు. అంత పని చేస్తే తగ్గింది రెండు డిగ్రీలు! ఆ రెండూ కూడా ఆకులు తీసినందుకే అయ్యుంటాయి. వాడి మొహం చిన్నదైపోయింది. కారు దిగి నేరుగా వెనక్కి పోయి డిక్కీ ఎత్తి నీళ్ళ ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

నేను ఎట్లా పరుగెత్తానో నాకు తెలీదు, మోకాళ్ళ నొప్పులవాణ్ణి. వాడి మణికట్టు పట్టి లాగేశాను. పక్కనున్న తెల్లవాళ్ళు ఇద్దరు ఏమైందోనని లేచారు. వాడికీ కోపం వచ్చింది. "చూసేకి పోయినా నాన్నా, తిప్పేకి కాదు" అన్నాడు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించి, ఇది టపాకాయ కాదురా అన్నాను. ఆ ట్రాక్ పక్కన, ఎండలో, 1986లో జరిగిందంతా చెప్పాను. వాడు విన్నాక అడిగింది ఒకటే. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" దానికీ నేనేం జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చేదాకా కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక షెడ్డులోకి పోయి కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఈ బడి. సరిగ్గా చెప్పాలంటే, ఈ ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారి చెక్కపెట్టె.

మీలో డెబ్బైల్లో చదివినవాళ్ళకు గుర్తుంటుంది. టీ పెట్టె చెక్కతో మాస్టారే చేశారు. ముందు వైపు అద్దం, పైన రెండు కంతలు, ఒక్కో కంత మీద ఒక్కో లాంతరు చిమ్నీ గాజు. ఒక చిమ్నీ కింద కొవ్వొత్తి వెలిగించి, రెండో చిమ్నీ మీద ఊదుబత్తి పట్టుకుంటే పొగ పైకి పోకుండా కిందికి దిగి, పెట్టెలో అడ్డంగా పోయి, కొవ్వొత్తి ఉన్న చిమ్నీలోంచి పైకి వచ్చేది. మేమంతా చప్పట్లు కొట్టాం. అప్పుడు మాస్టారు కొవ్వొత్తి ఉన్న చిమ్నీ మీద పలక పెట్టి మూశారు. ఊదుబత్తి చిమ్నీ తెరిచే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా పొగ దాంట్లోకి దిగడం మానేసి మా మొహాల మీదికి వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పండిరా అన్నారు. ఎవరం చెప్పలేదు. పోయేకి దారి లేకుంటే వచ్చేకీ దారి లేదని ఆయనే చెప్పారు. లెక్కలు తప్పానే గానీ ఆ పొగ నా కళ్ళలో ఇప్పటికీ ఉంది మాస్టారూ.

మా ఇంటామె దేవుడి గూట్లోంచి ఊదుబత్తులు తెచ్చాను. కారు ముక్కు ముందర టేబుల్ ఫ్యాన్ పెట్టాను. పక్క రేడియేటర్ల నోటి దగ్గర పెడితే పొగ లోపలికి పోయింది. నడిమి జాలీ దగ్గర పెడితే జాలీని తాకి, చుట్ట చుట్టుకొని, బయటికే తిరిగి వచ్చింది. రేడియేటర్ వెనక చూస్తే పైన గోడ, కింద ప్లాస్టిక్ పళ్ళెం. ఎస్ రకానికైతే గాలిని వెనక నుంచి కిందికి దించే దోనె లాంటి ముక్క ఉంటుంది. మావాడు కొన్న పాత సామానులో అది రాలేదు. మేమిద్దరం గాలికి నోరు కోశాం, ఇంకో దారి లేదు. ఆ దారే అట్టపెట్టెలో ఉంది. సోకు అని నేనే వద్దన్నాను.

మావాణ్ణి లేపి, టేబుల్ ఫ్యాన్ ముందర కూర్చోబెట్టి, ఊదుబత్తి చేతికిచ్చాను. వాడు చూశాడు. "నేను ఆ రోజే చెప్పబోయినా నాన్నా" అన్నాడు. ఔను, నువ్వు చెప్పబోయినావు, నేను నవ్వాను అన్నాను. రాత్రి రెండు గంటలప్పుడు.

వేగంలో ముక్కు పైభాగాన గాలి జారిపోతూ ఉంటుంది, అక్కడ ఒత్తిడి తక్కువ. సందు అక్కడ పెడితే వెనకున్న వేడిగాలిని అదే బయటికి పీకుతుంది. కిందికి వదిలితే ఆ గాలంతా బండి కింద చేరి ముక్కును పైకి లేపాలని చూస్తుంది. ఇదంతా వాడు నాకు కాగితం మీద గీసి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ముస్టాంగ్ విమానం బొమ్మ కూడా చూపించాడు. దాని రేడియేటర్ పొట్ట కింద ఉంటుంది. గాలి బయటికి పోయే చోట తెరిచి మూసే తలుపు పెట్టారు. నా కొడుకు నాకు పాఠం చెబుతున్నాడు. నేను బుద్ధిగా విన్నాను, ఈ బడిలో కూడా అంత బుద్ధిగా వినలేదు.

రేడియేటర్‌ను కొంచెం ముందుకు వాల్చాలి, దాని వీపు పైకి చూసేటట్టు. వీపు నుంచి వెంట్ దాకా గాలి చెదరకుండా రేకుతో దోవ కట్టాలి. బంపర్ మీద టేపు అంటించి గీత గీసింది వాడు, రంపం పట్టింది వాడు. అల్యూమినియం రేకు కోసి, వంచి, రివెట్లు కొట్టింది నేను. తొట్టి పని, రేకు పని చేసిన చేతులు. పదేళ్ళయింది అవి అట్లా పని చేసి. చుట్టూ సందుల్లో నురగ పట్టీలు అంటించాం, గాలికి రేడియేటర్‌ను తప్పించుకొని పోయే దారి సులువుగా దొరికితే రేకుల మధ్యకు ఎందుకు పోతుంది? తర్వాత మళ్ళీ ఊదుబత్తి. ఈసారి పొగ జాలీలోకి పోయి ముక్కు మీది సందులోంచి లేచింది. మా ఇంటామె చూసి, కారుకు సాంబ్రాణి వేస్తున్నారా అంది.

క్రెసన్‌లో ఈసారి ఇరవై నిమిషాలూ పూర్తిగా తోలాడు. 98 దాటలేదు.

మీ పిల్లలు ఎవరైనా ఇట్లాంటి పని పెట్టుకుంటే రెండు సంగతులు. మూడో రేడియేటర్ పెట్టినంత మాత్రాన మామూలు రోడ్డు మీద బండి ఇంకా చల్లగా నడవదు. నీళ్ళను ఎప్పుడు రేడియేటర్‌కు వదలాలో థర్మోస్టాట్ చూసుకుంటుంది. మూడోది కష్టకాలానికే. ఇంకొకటి, పక్క రేడియేటర్లకు ఫ్యాన్లు ఉంటాయి, నడిమి దానికి లేదు. ట్రాఫిక్‌లో నిలబడితే అది ఊరికే బరువు. ట్రాక్ నుంచి ఇంటికి వస్తూ ఒక చోట ముప్పావు గంట ఇరుక్కుంటే ఎప్పటి లాగే వేడెక్కింది. అప్పుడు మావాడు హీటర్ పూర్తిగా తిప్పి అద్దాలు దించాడు, మన ఘాట్ డ్రైవర్లు చేసేదే. ఇప్పుడు కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. పొగ లేదు, ఆవిరి లేదు. వాటి బ్యాటరీలకూ చల్లబరిచే ఏర్పాటు కావాల్సిందే.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు, ముగిస్తాను. నిన్న సాయంత్రం వచ్చి సైన్సు గది చూశాను. మాస్టారి పెట్టె ఇంకా బీరువా మీదే ఉంది. అద్దం బాగుంది, చెక్క కొంచెం చెద తిన్నది, చిమ్నీ ఒకటి లేదు. లాంతర్లే లేని కాలంలో చిమ్నీ గాజు ఎక్కడ దొరుకుతుంది? చిత్తూరు బజారులో ఒక పాత అంగడాయన అటక మీద వెతికి రెండు ఇచ్చాడు. ఇదిగో, ఈ సంచిలో ఉన్నాయి. ఒకటి పగిలినా ఇంకొకటి ఉంటుంది. హెడ్మాస్టరు గారు సాయంత్రం ఆ గది తాళం ఇప్పిస్తే పెట్టెకు చెద మందు పూసి, చిమ్నీ బిగించి పోతాను. ఊదుబత్తులు కూడా తెచ్చాను. మాస్టారు కూడా వస్తానన్నారు.